'బేర్'కి 'హెయిర్' రైమ్ అవదా? మా ఇంట్లో రెండో క్లాసు వర్క్‌షీట్ పంచాయితీ

పాపాయి అమ్మ, ఖమ్మం

అందరికీ నమస్కారం. చూడ్డానికి చిన్న విషయమే కానీ రెండు రోజులుగా మా ఇంట్లో ఇదే గోల.

పాప రెండో క్లాసు. ఇంగ్లీష్ వర్క్‌షీట్‌లో ఐదు మాటలిచ్చి ఒక్కోదానికి రైమింగ్ వర్డ్ రాయమన్నారు. 'బేర్', అంటే ఎలుగుబంటికి, ఇది 'హెయిర్' అని రాసింది. మిస్ ఎర్ర పెన్నుతో ఇంటూ కొట్టి పక్కన 'ఇయర్' అని రాసిచ్చారు. రెండిట్లోనూ ఈ-ఏ-ఆర్ ఉంది కాబట్టి అదే కరెక్టట. 'సెడ్'కి 'పెయిడ్' అని రాసినదానికి మాత్రం రైట్ పడింది, ఏ-ఐ-డి కలిసింది కదా మరి. పాప ఒకటే ఏడుపు. "కార్టూన్‌లో బేర్, హెయిర్ ఒకేలా అన్నారు, నేను విన్నా" అంటుంది.

మా ఆయన అటక మీది పాత నిఘంటువు దింపి "రైమ్ అంటే ప్రాస" అని తేల్చేశాడు. మా అత్తమ్మ ఊరుకుంటుందా? "ప్రాస అంటే రెండో అక్షరం కదరా, చివరిది కాదు" అని సుమతీ శతకం అందుకుంది. అక్కరకు, మ్రొక్కిన, ఎక్కిన, గ్రక్కున, అన్నిట్లో రెండోది 'క్క' అని వేళ్లు మడిచి మరీ చూపించింది. ఆమె చెప్పిందీ నిజమే.

నా సంగతి చెప్పాలంటే, రైమ్స్ అంటే ఇంటికి చుట్టాలొచ్చినప్పుడు "అంకుల్‌కి రైమ్స్ చెప్పమ్మా" అంటామే, అవే. అంతకుమించి తెలీదు.

ఇంతకీ రైమ్ అంటే అక్షరాలు కలవాలా, శబ్దం కలవాలా? ఇంకోటి, "ఇది నేర్చుకుంటే ఏమొస్తుంది?" అని పాప అడిగింది. దానికేం చెప్పాలో కూడా చెప్పండి. శనివారం పేరెంట్స్ మీటింగ్ ఉంది.

బద్ధకిష్టు

ఒక్క మార్కు. రెండో క్లాసు. వదిలేయండి మేడం.

పాత చాక్‌పీసు, తెనాలి

వదిలేయకమ్మా. మీ పాప రాసిందే రైటు, మిస్ దిద్దిందే తప్పు. కానీ ఆవిడ మీద కోపం పెట్టుకోకండి. ఆ తప్పు నేను ఇంకా పెద్ద ఎత్తున చేసినవాణ్ణి, ఆ కథ కిందికొస్తుంది. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో 31 ఏళ్లు ఇంగ్లీష్ చెప్పి రిటైరయ్యాను.

రైమ్ అనేది చెవి వ్యవహారం. కంటికి దాంతో పనిలేదు. దీనికి రుజువు ఎక్కడో వెతకక్కర్లేదు, చుట్టాల ముందు మీ పాప చెప్పే ట్వింకిల్ ట్వింకిల్‌లోనే ఉంది. జేన్ టేలర్ అనే ఆవిడ 1806లో అచ్చేసిన పద్యం అది. మొదటి రెండు పాదాల చివర 'స్టార్', 'ఆర్'. తర్వాతి రెండిటి చివర 'హై', 'స్కై'. ఇప్పుడు కాగితం మీద రాయండి. ఎస్-టీ-ఏ-ఆర్, ఏ-ఆర్-ఈ. హెచ్-ఐ-జీ-హెచ్, ఎస్-కే-వై. ఒకదాని తోక ఇంకోదానికి కలిసిందా? స్పెల్లింగే లెక్కయితే రెండొందల ఏళ్లుగా పిల్లలు పాడుతున్న ఈ పాట రైమే కాకుండా పోవాలి.

ఎలుగుబంటి దగ్గర చిక్కు ఎక్కడొచ్చిందంటే, మనం ఒకదాన్ని 'బేర్' అంటాం, జుట్టుని 'హెయిర్' అంటాం. మన నోట్లో అవి వేరైపోయాయి. ఇంగ్లీషువాళ్ల నోట్లో రెండూ ఒకటే, 'బెఅ', 'హెఅ' అన్నట్టు జారుతాయి. కేర్, దేర్, వేర్, చెయిర్ అన్నీ ఆ గుంపే. 'ఇయర్' గుంపు వేరు: ఫియర్, డియర్, హియర్. అలాగే 'సెడ్'కి తోడు రెడ్, బెడ్, హెడ్. 'పెయిడ్'కి తోడు మేడ్. కాబట్టి మీ పాపకి ఒక మార్కు రావాలి, ఒక మార్కు పోవాలి. లెక్క సమానమే, ఏడవక్కర్లేదని చెప్పండి.

ఇక అత్తగారి విషయం. ఆవిడకి నా నమస్కారాలు. తెలుగు పద్యంలో ప్రాస అంటే ప్రతి పాదంలో రెండో అక్షరమే. అందులోనూ హల్లు కలిస్తే చాలు, అచ్చు ఏదైనా పర్వాలేదు. ఇంగ్లీష్ రైమ్‌లో అచ్చు తప్పితే మొత్తం పోయినట్టే. మనది పాదం మొదట్లో, వాళ్లది చివర్లో. అందుకే 'రైమ్ అంటే ప్రాస' అని ఒక్క ముక్కలో చెప్తే సగం తప్పు. అంత్యప్రాస అనాలి.

మనవాళ్లు చివరి శబ్దాన్ని ఎందుకంతగా పట్టించుకోలేదంటే, నాకు తోచింది చెప్తాను. తెలుగులో అది మరీ చవక. వచ్చాడు, తిన్నాడు, పడుకున్నాడు, చూడండి, అప్పుడే మూడు కలిశాయి. ఏ కష్టమూ లేదు. ఇంగ్లీషులో మాటల చివరలు ఎన్నో రకాలు, రెండు కలవడమే విశేషం. కలిసినప్పుడు చెవి టక్కున పట్టుకుంటుంది. ఆ మాటకొస్తే వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీష్ పద్యాల్లోనూ ఈ రైమ్ నియమం లేదు. పాదాన్ని రెండు ముక్కలు చేసి, రెండు ముక్కల్లోనూ గట్టిగా పలికే మాటల మొదటి శబ్దాలు కలిపేవాళ్లు. అదేంటి మాస్టారూ, మన యతిలా ఉందే అంటారా? నేనూ అలాగే ఆశ్చర్యపోయాను. తర్వాత లాటిన్ కీర్తనలు, 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ని గెలిచాక వచ్చిపడ్డ ఫ్రెంచి, వాటి ప్రభావంతో చివర కలపడం అలవాటైంది. 'రైమ్' అనే మాట కూడా ఫ్రెంచిదే, మొదట్లో ఆర్-ఐ-ఎం-ఈ అనే రాసేవాళ్లు. తర్వాత పండితులు 'రిథమ్'తో కలగలిపి మధ్యలో హెచ్, వై ఇరికించారు. స్పెల్లింగ్ చూసి మోసపోకూడని మాటకే స్పెల్లింగ్ అలా వచ్చిపడింది, ఏం చేస్తాం.

ఇప్పుడు నా కథ. 'కోమ్', అంటే దువ్వెన. సీ-ఓ-ఎం-బీ. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను దాన్ని 'కాంబ్' అని చెప్పేవాణ్ణి. బాంబ్ అంటాం కదా, ఇదీ కాంబ్ అనుకున్నాను. ఒక ఏడాది కాదు, తొమ్మిదేళ్లు చెప్పాను. ఒకరోజు సప్లిమెంటరీ రీడర్‌లో ఓ చిన్న పద్యం చెప్తున్నా. ఒక పాదం చివర 'హోమ్', ఇంకో పాదం చివర ఈ దువ్వెన. మిగతా పాదాలన్నీ ఠంచనుగా కలుస్తున్నాయి, ఇదొక్కటే 'హోమ్–కాంబ్' అని కుంటుతోంది. ముందు బెంచీలో ఒక పిల్లాడు లేచి "సార్, ఇక్కడ పాట ఆగిపోయింది" అన్నాడు. వాడికి ఇంగ్లీష్ అంతంతమాత్రం. చెవి మాత్రం బాగుంది. ఆ సాయంత్రం ఇంటికెళ్లి డిక్షనరీ తీసి చూస్తే కోమ్. సమాధిని 'టూమ్' అనాలని, 'బాంబ్'లో చివరి బీ కూడా పలకకూడదని కూడా అదే పేజీల్లో తెలిసింది. ఒకే ఓ-ఎం-బీ, మూడు రకాల శబ్దాలు. తొమ్మిది బ్యాచ్‌ల పిల్లలు ఇప్పటికీ ఎక్కడో 'కాంబ్' అంటూనే ఉంటారు, పాపం నాదే.

"నేర్చుకుంటే ఏమొస్తుంది" అని పాప అడిగినదానికి నా జవాబు అదేనమ్మా. మనం ఇంగ్లీషుని కళ్లతో నేర్చుకున్నాం. చెప్పేవాళ్లూ కళ్లతోనే నేర్చుకున్నారు. దగ్గర్లో సరిగ్గా పలికేవాళ్లు లేనప్పుడు ఈ మాట ఇలా పలకాలిరా అని చెప్పే దిక్కు రైమ్ ఒక్కటే. 'గ్రేట్'కి లేట్, 'ఎయిట్'కి లేట్, 'హైట్'కి కైట్. ఈ ఒక్క వరస వస్తే చాలు, 'హెయిట్' అనే పిల్లలుండరు.

ఒక్క జాగ్రత్త. పాత పద్యాల్ని గుడ్డిగా నమ్మొద్దు. షేక్‌స్పియర్ ఒక సానెట్‌లో, అంటే పద్నాలుగు పాదాల పద్యంలో, 'ప్రూవ్డ్'ని, 'లవ్డ్'ని జత చేశాడు. ఆయన కాలంలో ఆ రెండూ కలిసేలా పలికేవాళ్లంటారు, ఇప్పుడు కలవవు. చూపుకి మాత్రమే కలిసే ఇలాంటివాటిని ఐ రైమ్ అంటారు, కంటి రైమ్ అన్నమాట. మీ మిస్ రాసిన బేర్–ఇయర్ ఆ జాతిదే. శనివారం మీటింగ్‌లో కావాలంటే ఈ పేరు చెప్పండి, ఆవిడకీ గౌరవంగా ఉంటుంది.

అశోక్‌నగర్ కోచింగ్ బ్యాచ్

మాస్టారూ, ఒక డౌటు. 'డాక్టర్ కాబోయి యాక్టర్ అయ్యాను' అని ప్రతి హీరో ఇంటర్వ్యూలో చెప్తాడు. అది పక్కా రైమే కదా? అలాగే రన్నింగ్, ఈటింగ్ కూడా. చివర 'టర్' కలిసింది, 'ఇంగ్' కలిసింది.

పాత చాక్‌పీసు, తెనాలి

బాబూ, రెండూ కావు. ఇంగ్లీష్ మాటలో ఒక ముక్కని గట్టిగా నొక్కి పలుకుతారు. ఆ ముక్కలోని అచ్చు దగ్గర్నుంచి చివరిదాకా మొత్తం కలవాలి. దాని ముందున్న హల్లు మాత్రం వేరుగా ఉండాలి. 'రన్నింగ్'లో నొక్కేది 'రన్'ని, 'ఈటింగ్'లో 'ఈట్'ని. వాటికి పొత్తు లేదు. రన్నింగ్–కన్నింగ్ అను, ఒప్పుకుంటాను. ఈటింగ్–మీటింగ్ అను, ఇంకా బాగుంది.

'డాక్టర్'లో నొక్కేది 'డాక్'ని, అక్కడి అచ్చు 'ఆ'కీ 'ఓ'కీ మధ్యది. 'యాక్టర్'లో 'యాక్'ని. మన నోట్లో రెండూ ఇంచుమించు ఆకారాలే కాబట్టి మనకి కలిసినట్టుంటుంది. తెలుగు మాటలుగా చూస్తే హీరో చెప్పింది రైటే, చప్పట్లు కొట్టండి. ఇంగ్లీషులో మాత్రం 'యాక్టర్'కి తోడు 'ఫ్యాక్టర్', 'ట్రాక్టర్'.

ఈస్ట్‌హామ్ బావ

లండన్ నుంచి నా అనుభవం. ఇక్కడ రైమ్ తెలీకపోతే పని దగ్గర బతకలేం. జోక్ కాదు.

పదేళ్ల కిందట వచ్చిన కొత్తలో ఒక గోడౌన్‌లో చేరాను. మా షిఫ్ట్‌లో ఒక పెద్దాయన, పుట్టి పెరిగింది ఈస్ట్ ఎండ్‌లోనే, లండన్ తూర్పు వైపు. రెండో రోజు ఒక పెట్టె చూపించి "హావ్ ఎ బుచర్స్" అన్నాడు. బుచర్ అంటే మటన్ కొట్టువాడు కదా! నేను పెట్టె వదిలేసి, బయట రోడ్డు మీద మటన్ కొట్టు ఎక్కడుందా అని చూశాను. మధ్యాహ్నం భోజనానికేమో అనుకున్నా. తిరిగొస్తే అందరూ పడీ పడీ నవ్వుతున్నారు.

దాని గుట్టు ఏంటంటే, 'లుక్' అనడానికి రైమ్‌గా 'బుచర్స్ హుక్' అంటారు, మాంసం తగిలించే కొక్కెం. ఆ తర్వాత రైమ్ అయిన 'హుక్'నే తీసేసి 'బుచర్స్' ఒక్కటే మిగులుస్తారు! కలిసిన ముక్కే మాయమైతే కొత్తవాడికి ఎలా తెలుస్తుంది చెప్పండి? తెలీకూడదనే ఆ ఏర్పాటు. ఈస్ట్ ఎండ్ వాళ్లని కాక్నీలంటారు కాబట్టి దీన్ని కాక్నీ రైమింగ్ స్లాంగ్ అంటారు, వీధి వ్యాపారుల నోళ్లలో పెరిగింది. 1859లో అచ్చయిన స్లాంగ్ డిక్షనరీలోనే దీని గురించి ఉంది. 'హెడ్'కి 'లోఫ్ ఆఫ్ బ్రెడ్', అందుకే "యూజ్ యువర్ లోఫ్" అంటే బుర్ర వాడు అని. ఇది నాకు చాలాసార్లు చెప్పారు లెండి. మెట్లకి 'యాపిల్స్ అండ్ పేర్స్', ఫోన్‌కి 'డాగ్ అండ్ బోన్'. ఈ 'పేర్స్' చూశారా అక్కా, పీ-ఈ-ఏ-ఆర్. 'స్టెయిర్స్'తో కలిసింది. మీ పాప బేర్–హెయిర్ సరిగ్గా అదే. మీటింగ్‌లో ఇది కూడా చెప్పండి.

పనిలో ఇంకొకటి రోజూ వాడతాను. నట్టు ఎటు తిప్పాలో మర్చిపోతే "రైటీ టైటీ, లెఫ్టీ లూసీ". కుడికి తిప్పితే బిగుస్తుంది, ఎడమకి తిప్పితే వదులు. ఇంజినీరింగ్ చదివిన నాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు, ఇక్కడ ప్లంబర్ చెప్పాడు. వెల్డింగ్‌కి వాడే ఎసిటిలీన్ సిలిండర్ దగ్గర మాత్రం ఇది రివర్స్, దాని మర ఎడమవైపుది. ఒకసారి అలాగే కుడికి బిగిద్దామని వదులు చేసుకున్నాను. అరిచారు.

ఫిరంగి బండి, విజయనగరం

ఆర్మీలో లారీ నడిపినవాణ్ణి. లేహ్ రోడ్డు మీద పసుపు రాళ్ల మీద రాసుంటుంది: "ఆఫ్టర్ విస్కీ, డ్రైవింగ్ రిస్కీ." బోర్డర్ రోడ్స్ వాళ్లు రాయిస్తారు. నాకు వచ్చిన ఇంగ్లీష్ సగం ఆ రాళ్లదే. మద్యం సేవించి వాహనము నడపరాదు అని మన దగ్గర రాస్తారు, ఎవడు చదువుతాడండీ? ఇది 20 ఏళ్లయినా పోలేదు బుర్రలోంచి.

న్యూజెర్సీ పెద్దమ్మ

ఫిరంగి బండి గారు భలే పాయింటు చెప్పారు. బుర్రలోంచి పోకపోవడం ఒకటే కాదు, కలిస్తే నిజమనిపిస్తుంది కూడా. 2000లో ఇక్కడి మానసిక శాస్త్రవేత్తలు దీని మీద ఓ ప్రయోగం చేశారు. "వోస్ యునైట్ ఫోస్", అంటే కష్టాలు శత్రువుల్ని కూడా కలుపుతాయి అనే సామెత కొందరికి అలాగే చూపించారు. కొందరికి 'ఫోస్' తీసి 'ఎనిమీస్' పెట్టి చూపించారు. అర్థం అదే. రైమ్ ఉన్నదే ఎక్కువ నిజమని జనం అన్నారు. 1995లో ఫుట్‌బాల్ ఆటగాడు ఓజే సింప్సన్ మీద పెట్టిన హత్య కేసులో ఆయన లాయరు జానీ కోక్రన్, సాక్ష్యంగా చూపించిన చేతి గ్లోవ్ గురించి జ్యూరీ ముందు "ఇఫ్ ఇట్ డజంట్ ఫిట్, యూ మస్ట్ అక్విట్" అన్నాడు. పట్టకపోతే వదిలేయాల్సిందే అని. కేసులో మిగతా వాదనలు జనం మర్చిపోయారు, ఇది మర్చిపోలేదు.

మా మనవడి దగ్గర నాకు దెబ్బ పడింది ఏబీసీడీల పాటలో. ఆ పాటలో ప్రతి వరసా జీ, పీ, వీ అని 'ఈ'తో ఆగుతుంది. చివర నేను అలవాటుగా "ఎక్స్ వై జెడ్" అన్నాను. వాడు ఆట ఆపి నా వంక చూశాడు, ఏదో పగిలినట్టు. ఇక్కడ జెడ్‌ని 'జీ' అంటారు. అప్పుడే వీ–జీ కలుస్తాయి, తర్వాత వచ్చే 'మీ' కూడా కలుస్తుంది. పాట అచ్చయింది బోస్టన్‌లో, 1835లో. వాళ్ల నోటికి కుట్టిన చొక్కా అది, మన జెడ్ పట్టదు. ఇప్పుడు నేనూ జీ అంటాను. కానీ మన నోట్లో జీ అక్షరమూ జీయే, జెడ్డూ జీయే. "అమ్మమ్మా, రెండు జీలా?" అని వాడు మళ్లీ పట్టుకున్నాడు.

ఇంకోటి. మనం 'కాఫీ గీఫీ', 'డబ్బు గిబ్బు' అని తీసిపారేస్తాం చూడండి. న్యూయార్క్ చుట్టుపక్కల యూదుల భాష నుంచి వచ్చి సరిగ్గా అలాంటిదే ఉంది ఇంగ్లీషులో, "ఫ్యాన్సీ ష్మాన్సీ", "మనీ ష్మనీ". మనది 'గి', వాళ్లది 'ష్మ'. మా ఆఫీసులో ఒకావిడ "డెడ్‌లైన్ ష్మెడ్‌లైన్" అంటే నాకు వెంటనే అర్థమైంది, పక్కనున్న చైనా అబ్బాయికి అర్థం కాలేదు.

బద్ధకిష్టు

ఒక్క మార్కు కోసం ఇంత దూరం వచ్చిందా ఇది. 'నో రైమ్ ఆర్ రీజన్' అంటే ఏంటి మాస్టారూ, మా మేనేజర్ నా రిపోర్టు గురించి అన్నాడు.

పాత చాక్‌పీసు, తెనాలి

తలా తోకా లేదని, నాయనా.

పాపాయి అమ్మ, ఖమ్మం

అందరికీ చాలా థాంక్స్. మీటింగ్ అయింది. గొడవ పెట్టుకోలేదు. పాపని పక్కన కూర్చోబెట్టుకుని, "మిస్, ఒక్కసారి కళ్లు మూసుకుని వినండి" అని ఫోన్‌లో డిక్షనరీ ఆడియో పెట్టాను. బేర్, హెయిర్. మళ్లీ పెట్టాను. మిస్ చిన్నమ్మాయే, పాతికేళ్లుంటాయేమో. నవ్వేసి "మాకు టీచర్స్ గైడ్‌లో చివరి మూడు లెటర్లు చూడమని ఉంది మేడం" అంది. ఇంటూని రైట్ చేసింది. 'సెడ్–పెయిడ్' దగ్గరకొచ్చేసరికి పాప తనే ఆడియో నొక్కింది. మార్కు పోయింది. మాస్టారు చెప్పినట్టే లెక్క సమానం.

కంటి రైమ్ అనే పేరు చెప్పాను, మిస్ పుస్తకం వెనక రాసుకుంది.

మా అత్తమ్మ మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. "పాదం తోక కలిపితే పద్యమా?" అంటుంది. కానీ నిన్న రాత్రి పాపతో పోటీ పెట్టుకుని వానా వానా వల్లప్పా పాడింది, చెల్లప్పా, తిమ్మప్పా అని చివరల్నే కలుపుతూ. నేనేం అనలేదు.

పాప ఇప్పుడు కనిపించిన ప్రతిదానికీ జత వెతుకుతోంది. ఫ్రిజ్–బ్రిడ్జ్, కాఫీ–టాఫీ, కాలేజ్–నాలెడ్జ్. పొద్దున్నే క్యాలెండర్ ముందు నిలబడి 'మంత్'కి ఏంటమ్మా అని అడిగింది. అరగంట నుంచీ నాకూ తట్టట్లేదు. మాస్టారూ?

పాత చాక్‌పీసు, తెనాలి

దానికి సరైన జత లేదమ్మా. 'ఆరెంజ్'కీ, 'సిల్వర్'కీ కూడా చెప్పుకోదగ్గ జత లేదు. వెతకనివ్వండి, ఆపొద్దు. ఏదైనా దొరికిందంటే ముందు నాకు చెప్పమనండి.